తూర్పు ఇటాలియన్ మనదే, మరి అసలు ఇటాలియన్ మాటేంటి?

ఇన్‌స్టా తెరిచి ఇటాలియన్ అని ఒక్కసారి వెతికి చూడండి. ఆ తర్వాత వారం రోజులు మీ ఫీడ్ నిండా కాపుచీనో కప్పులు, చేతులు తిప్పుతూ మాట్లాడే టీచర్లు, 'ఇటలీ వెళ్తే తప్పక రావాల్సిన 5 మాటలు' అంటూ రీల్స్ మీద రీల్స్. ఒక్కోటి 30 సెకన్లు, మహా అయితే నిమిషం. చూస్తుంటే హాయిగా ఉంటుంది. రెండు రోజుల్లో గ్రాత్సియె, ప్రేగొ, చావ్ వచ్చేస్తాయి. (ఆ చివరిది ఇంట్లో గట్టిగా ప్రాక్టీస్ చెయ్యకండి. పొద్దున్నే చావు మాటలేందిరా అని అవ్వ తిడుతుంది.)

ఈ మధ్య నా ఇన్‌బాక్సులో ఎక్కువగా కనిపిస్తున్న ప్రశ్న ఇదే: "అన్నా, రీల్స్ చూసి ఇటాలియన్ నేర్చుకోవచ్చా?" అడిగేవాళ్ళలో హైదరాబాద్ వాళ్ళే కాదు, మా ఖిల్లా ఘణపూర్ పిల్లలు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వాళ్ళూ ఉన్నారు. అమెరికా ఖర్చు, వీసా టెన్షన్ చూసి చాలామంది చూపు ఇటలీ మీద పడింది మరి.

నా జవాబు: నేర్చుకోవచ్చు, కొంతవరకు. ఆ 'కొంత' ఎక్కడ ఆగుతుందో, ఆగిన చోట ఏం చెయ్యాలో ఈ వారం చెప్తా. దానికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ఆ రీల్స్‌లో ఎక్కువ భాగం ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళ కోసం చేసినవి. వాళ్ళకి కష్టమైనవి చాలావరకు మనకి సులువు. మనకి కష్టమైనవి కొన్ని ఆ వీడియోల్లో ఎవరూ పట్టించుకోరు. కాబట్టి తెలుగోళ్ళు ఇటాలియన్‌ని ఇంగ్లిష్ మీదుగా కాకుండా తెలుగు మీదుగా నేర్చుకోవాలి. నేను చేస్తున్నది అదే.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రెండేళ్ళుగా మా క్లయింట్ టీమ్ మిలాన్‌లో ఉంది. మీటింగ్ ఇంగ్లిష్‌లో మొదలవుతుంది. ఎక్కడో ఒకచోట వాళ్ళలో వాళ్ళకి అభిప్రాయ భేదం వస్తుంది. అంతే, ఇటాలియన్‌లోకి దూకేస్తారు. అసలు నిర్ణయం ఆ రెండు నిమిషాల్లోనే అయిపోతుంది. ఆ రెండు నిమిషాల కోసం మొదలుపెట్టా.

కోర్సు ఇంగ్లిష్‌లోనే, బతుకు మాత్రం కాదు

నాది ఆఫీసు అవసరం. చదువుకోడానికి వెళ్ళేవాళ్ళది అంతకంటే పెద్దది. మిలాన్, తొరీనో పాలిటెక్నిక్‌లలోనూ, బొలోఞ్ఞా, పాదొవా, రోమ్ యూనివర్సిటీల్లోనూ ఇంగ్లిష్‌లో చెప్పే మాస్టర్స్ కోర్సులు చాలా ఉన్నాయి. అక్కడ ఒక్కో ప్రాంతానికీ తన స్కాలర్‌షిప్ ఉంటుంది. కుటుంబ ఆదాయం తక్కువైతే ఫీజు మాఫీ అవుతుంది, పైగా ఏడాదికి కొన్ని వేల యూరోలు చేతికొస్తాయి. అందుకే పాలమూరు రైతు బిడ్డలకి ఇది నిజమైన దారి. మన ఆదాయం కాగితాలు ఇటాలియన్‌లోకి అనువాదమై, ముద్రలు వేయించుకుని అక్కడికి చేరాలి. అంటే మీకంటే ముందే మీ తహసీల్దార్ ఆఫీసు కాగితం ఇటాలియన్ మాట్లాడుతుంది.

దిగాక మొదటి వారంలోనే మొదలవుతుంది. చేరిన 8 పని దినాల్లోపు 'పెర్మెస్సొ ది సొజోర్నొ' అనే నివాస పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి. దాని కిట్టు పోస్టాఫీసులో ఇస్తారు. తర్వాత వేలిముద్రలకి 'క్వెస్తూర', అంటే పోలీసు శాఖ ఆఫీసుకి వెళ్ళాలి. గది కోసం వెతికితే గోడల మీద 'అఫ్ఫీత్తసి' అని బోర్డులు కనిపిస్తాయి. మన టు-లెట్ అన్నమాట. 'పోస్తొ లెత్తొ' అంటే గదిలో ఒక మంచం మాత్రమే మనది. 'కపార్ర' అంటే అడ్వాన్సు. 'స్పేజె ఇన్‌క్లూజె' అంటే కరెంటు, నీళ్ళ ఖర్చులు అద్దెలోనే కలిసి ఉన్నాయని. ఒక్క రోజు ఆలస్యంగా అర్థమైతే నెలకి వంద యూరోలు పోయే మాటలివి. కాపుచీనో ఆర్డర్ చెయ్యడం నేర్పే రీల్స్‌లో ఇవి అరుదుగా ఉంటాయి.

స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. కానీ పని ఎక్కడ? హోటల్, షాపు, గోదాము, ఎక్కడైనా భాష కావాలి. చదువయ్యాక ఇంటర్న్‌షిప్, ఉద్యోగం దగ్గర కూడా అంతే. ఇటలీలో ఎక్కువ కంపెనీలు చిన్నవి, మధ్యరకంవి. పెద్ద మల్టీనేషనల్‌లో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు గానీ, 40 మంది ఉండే మెషిన్ టూల్స్ కంపెనీలో మేనేజర్ నుంచి స్టోర్ కీపర్ దాకా మాట్లాడేది ఇటాలియనే.

యూరప్‌లో భాషా స్థాయిల్ని ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా లెక్కేస్తారు. ఐదేళ్ళు ఉన్నాక దీర్ఘకాల నివాస పర్మిట్ కావాలంటే ఎ2 చూపించాలి. 2018 చివర్లో వచ్చిన చట్టం ప్రకారం పౌరసత్వానికైతే బి1 కావాలి. ఇంట్లో పొలం తాకట్టు పెట్టి పంపిస్తున్నప్పుడు ఈ మెట్లు ఎక్కడం హాబీ కాదు, పెట్టుబడిలో భాగం.

మా చిన్నాయన కొడుకు తొరీనోలో చదువుతున్నాడు. వెళ్ళిన నెలకి ఫోన్ చేసి వాడన్న మాట: "అన్నా, క్లాసులో అంతా సమజైతది. బయటికొస్తే నాకు నోరే లేదు."

చెవి సగం సిద్ధంగానే ఉంది

15వ శతాబ్దంలో వెనిస్ నుంచి వచ్చి విజయనగరం చూసిపోయిన యాత్రికుడు నికొలో దె కొంతి. తెలుగుని 'తూర్పు దేశపు ఇటాలియన్' అన్నది ఆయనేనని మనకి బడిలో చెప్తారు. మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, అంటే మనది అజంత భాష కాబట్టి ఆ పేరు. మనం దాన్ని విని మురిసిపోయి వదిలేశాం. వాడుకుంటే ఎంత లాభమో చూడండి.

మొదటిది త, ద. మనం ఇంగ్లిష్ మాటల్ని ట, డ పెట్టి రాస్తాం: టీచర్, డాక్టర్. ఇటాలియన్‌లో ఆ ట, డ లేవు. నాలుక పళ్ళకి తగిలే మన త, ద లే ఉన్నాయి. 'అందరూ' అనే మాట టుట్టి కాదు, తుత్తి. ఊరి పేరు టొరీనో కాదు, తొరీనో. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు నెలల తరబడి సాధన చేసేది మనకి ఒక్క నిమిషంలో వస్తుంది, ఇంగ్లిష్ అలవాటుని పక్కన పెడితే.

రెండోది ద్విత్వం. ఇంగ్లిష్‌వాళ్ళకి ఇది పెద్ద గండం. సేతె అంటే దాహం, సెత్తె అంటే ఏడు. కాస అంటే ఇల్లు, కస్స అంటే బిల్లు కట్టే కౌంటర్. పాల అంటే పార, పల్ల అంటే బంతి. నోనొ అంటే తొమ్మిదోది, నొన్నొ అంటే తాత. కపెల్లొ అంటే వెంట్రుక, కప్పెల్లొ అంటే టోపీ. రీల్స్‌లో ఈ తేడా వినిపించడానికి టీచర్లు నానా తంటాలు పడుతుంటారు. మనకి అవసరమా? గుడికీ గుడ్డికీ, ఆటకీ అట్టకీ తేడా తెలిసిన చెవి మనది. పాలమూరు పిల్లలకైతే గడి ఏదో గడ్డి ఏదో వేరే చెప్పాలా.

మూడోది నాకు బాగా నచ్చింది. చ ఛ జ ఝ తర్వాత వచ్చే ఞ గుర్తుందా? ఒకటో తరగతిలో దిద్ది, ఆ తర్వాత జీవితంలో మళ్ళీ పట్టించుకోని అక్షరం. ఇటాలియన్‌లో అది రోజూ కావాలి. సిఞ్ఞోర అంటే మేడమ్ లాంటిది. బాఞ్ఞొ అంటే బాత్రూమ్. పాస్తా షీట్ల మధ్య కూర పెట్టి చేసే వంటకం లజాఞ్ఞ.

నాలుగోది మన ౘ. పాత పుస్తకాల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి రాసేవాళ్ళు. ఇప్పుడు రాయడం మానేశాం గానీ, పలకడం మానలేదు. చాప, చుట్టం, చాలు అని మా ఊళ్ళో అనేటప్పుడు వచ్చే చ అదే. పిజ్జా అని మనం అనేదాన్ని వాళ్ళు పీత్స అంటారు, ఆ త్స మన ౘ కి చాలా దగ్గర. జొన్న, జడ అనేటప్పుడు వచ్చే జ కూడా అక్కడుంది. మధ్యాహ్న భోజనాన్ని చెప్పే 'ప్రాంజొ'లో, సున్నాని చెప్పే 'జేరొ'లో ఉన్నది జొన్నలో జ నే.

అందుకే నా మొదటి సలహా: నోట్స్ ఇంగ్లిష్ అక్షరాల్లో కాదు, పక్కనే తెలుగు లిపిలో కూడా రాసుకోండి. ఇటాలియన్ దాదాపు రాసినట్టే పలుకుతారు, మన తెలుగులాగా. ఆ కొద్ది నియమాలు రెండు రోజుల్లో వస్తాయి. కానీ ఇంగ్లిష్ అక్షరాలు చూడగానే మన నోరు ఇంగ్లిష్ వైపు లాగుతుంది. తెలుగు లిపి ఆ లాగుడుని ఆపుతుంది.

వ్యాకరణంలో చుట్టరికం

బిగినర్ వీడియోల్లో ఒక పాఠం తప్పకుండా ఉంటుంది: "ఇటాలియన్‌లో నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు." ఇదేదో వింతలాగా చెప్తారు. పార్లొ అంటే మాట్లాడతాను, పార్లి అంటే మాట్లాడతావు, పర్లియామొ అంటే మాట్లాడతాం. మనిషెవరో క్రియ చివరే చెప్తుంది. "వస్తున్నా" అని ఒక్క మాటతో ఫోన్ పెట్టేసే మనకి ఇందులో వింతేముంది?

ఇంకా అసలైనది 'మి పియాచె'. ఇంగ్లిష్‌వాళ్ళకి 'నేను పాటని ఇష్టపడతాను' అనే అమరిక అలవాటు. అందుకే దీన్ని తలకిందుల వాక్యం అంటూ రీల్ మీద రీల్ చేస్తారు. తెలుగులో చూడండి:

మి పియాచె క్వెస్త కన్‌త్సోనె అని వింటే, 'నాకు ఈ పాట నచ్చుతుంది'.
మి పియాచ్చొనొ క్వెస్తె కన్‌త్సోని అని వింటే, 'నాకు ఈ పాటలు నచ్చుతాయి'.

'మి' అంటే నాకు. క్రియ మారేది పాటని బట్టి, నన్ను బట్టి కాదు. అచ్చం మన నచ్చుతుంది, నచ్చుతాయి లాగే. ఇంగ్లిష్ మీదుగా వెళ్తే ఇది తలకిందులు, తెలుగు మీదుగా వెళ్తే తిన్నగా ఉంది. 'మి సెర్వె' అంటే నాకు కావాలి. 'మి ఫ మాలె ల తెస్త' అంటే నాకు తలనొప్పిగా ఉంది. అన్నీ 'నాకు' వాక్యాలే.

నువ్వు, మీరు కూడా అంతే. ఫ్రెండ్‌ని 'కొమె స్తాయ్?' అని అడుగుతాం. ఇంటి ఓనర్‌ని, క్వెస్తూర ఆఫీసర్‌ని 'కొమె స్తా?' అనాలి. ఎవరిని నువ్వనాలో, ఎవరిని మీరనాలో మనకి వేరే నేర్పక్కర్లేదు. క్రియ రూపం మాత్రం కంఠతా పట్టాలి.

ఇంటర్మీడియట్‌కి వచ్చాక అందరినీ ఏడిపించేది భూతకాలంలో రెండు రకాలు. ఇంగ్లిష్‌లో 'ఆడాను' అనే ఒక్క మాటతోనే నిన్నటి ఆటా, చిన్నప్పటి రోజువారీ ఆటా రెండూ నడిచిపోతాయి. ఇటాలియన్‌లో వేరువేరు. నిన్న క్రికెట్ ఆడాను అంటే 'యేరి ఓ జొకాతొ అ క్రికెట్'. చిన్నప్పుడు క్రికెట్ ఆడేవాణ్ణి అంటే 'ద బంబీనొ జొకావొ అ క్రికెట్'. ఆడాను, ఆడేవాణ్ణి అని తెలుగులోకి మార్చి చూసుకుంటే చాలాసార్లు ఏది వాడాలో వెంటనే తెలిసిపోతుంది. ఆడేవాణ్ణి, తినేవాణ్ణి, వెళ్ళేదాన్ని అని వస్తే జొకావొ రకం. ఈ ఒక్క కిటుకు నాకు పది వీడియోల టైమ్ మిగిల్చింది.

'మూడేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నా' అనే వాక్యం కూడా అంతే. వీవొ క్వీ ద త్రె అన్ని. 'ద' అంటే నుంచి, క్రియ వర్తమానమే. ఇంగ్లిష్‌లో దీనికున్న మెలికలన్నీ ఇక్కడ అక్కర్లేదు.

మనకు జారే మెట్లు

ఇంత చుట్టరికం ఉందని ధీమాగా ఉండకండి. మనకి ప్రత్యేకంగా కష్టమైనవి మూడున్నాయి.

ఒకటి, ఊనిక. తెలుగులో మాటలో ఏ అక్షరం మీద బరువు వేసినా అర్థం మారదు. ఇటాలియన్‌లో మారుతుంది. అంకోర అని మధ్యలో నొక్కితే 'ఇంకా'. ఆంకొర అని ముందు నొక్కితే ఓడ లంగరు. పార్లొ అంటే మాట్లాడతాను. పర్లో అని చివర నొక్కితే అతను మాట్లాడాడు. కొత్త మాట రాసుకునేటప్పుడు నొక్కాల్సిన అక్షరం కింద గీత పెట్టుకోండి.

రెండు, వస్తువులకి ఆడ, మగ తేడా. కుర్చీ ఆడది, టేబుల్ మగది. తెలుగులో ఇవన్నీ 'అది'. హిందీ వచ్చినవాళ్ళకి ఈ పద్ధతి తెలుసు గానీ, రెండు భాషల్లో లింగాలు ఒకటే ఉండాలని లేదు. మాటని ఒంటరిగా నేర్చుకోవద్దు. 'సేదియ' అని కాదు, 'ల సేదియ' అని ముందున్న ముక్కతో కలిపి నేర్చుకోండి.

మూడు, వాక్యం వరస. మనకి క్రియ చివర వస్తుంది, వాళ్ళకి మధ్యలో. ఇంటి'కి', బడి'లో' అని మనం వెనక తగిలిస్తాం, వాళ్ళు ముందే పెడతారు. చిన్న వాక్యాల్లో తెలియదు. పొడుగు వాక్యం మొదలుపెడితే మధ్యలో ఇరుక్కుంటాం. దీనికి మందు చూడటం కాదు, నోటితో చెప్పడం.

రీల్ ఎక్కడ ఆపేస్తుంది

ఇక్కడ నా వృత్తి నుంచి ఒక మాట. మీకు ఏ వీడియో చూపించాలో నిర్ణయించే ప్రోగ్రామ్‌కి మీ ఇటాలియన్ ఏ స్థాయిలో ఉందో పట్టింపు లేదు. మీరు ఎంతసేపు చూశారు, మళ్ళీ చూశారా, లైక్ కొట్టారా, షేర్ చేశారా, దాని లెక్కలు ఇలాంటివి. తెలిసిన మాటలున్న వీడియోని మనం చివరిదాకా చూస్తాం, ఎందుకంటే అర్థమవుతోంది. అర్థంకాని దాన్ని మూడు సెకన్లకే పైకి తోసేస్తాం. దాంతో అది మళ్ళీ మళ్ళీ రంగులు, అంకెలు, కాఫీ షాపే చూపిస్తుంది. ఆరు నెలలైనా మనం ఎ1 లోనే తిరుగుతుంటాం. రోజూ చూస్తున్నాం కదా అనే తృప్తి మాత్రం ఉంటుంది.

గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. రీల్‌లో 'కపార్ర' వినగానే అర్థం తెలియడం మొదటిది. ఓనర్ ముందు నిలబడి 'అడ్వాన్సు ఎంత?' అని అడగాల్సి వచ్చినప్పుడు ఆ మాట నోటికి రావడం రెండోది. చూడటం వల్ల మొదటిదే పెరుగుతుంది.

కాబట్టి ఒక పరీక్ష పెట్టుకోండి. బిగినర్ వీడియోలు వరుసగా పది చూసి, ఎనిమిదింట్లో కొత్త మాట ఒక్కటీ లేకపోతే ఆ అకౌంట్‌కి చావ్ చెప్పేసి పైమెట్టుకి వెళ్ళండి. 'ఈజీ ఇటాలియన్' ఛానెల్‌లో వీధిలో పోయేవాళ్ళని ఆపి మాట్లాడిస్తారు, కింద ఇటాలియన్, ఇంగ్లిష్ రెండు వరసల్లో అక్షరాలు వస్తాయి. లుక్రేసియా ఒద్దొనె పాఠాలు నిదానంగా, స్పష్టంగా, ఎక్కువగా ఇటాలియన్‌లోనే సాగుతాయి. 'పోడ్‌కాస్ట్ ఇటాలియానో' కొంచెం గట్టిపడ్డాక వినడానికి బాగుంటుంది. పూర్తి వీడియో చూసే ఓపిక లేకపోతే అందులో ఒక్క నిమిషం ముక్క చాలు.

అక్కడే పుస్తకంలో లేని చిన్న మాటలు దొరుకుతాయి. 'బో' అంటే మన 'ఏమో'. భుజాలెగరేయడం కూడా సేమ్. 'అల్లోర' అంటే సందర్భాన్ని బట్టి మరి, అయితే, మా ఊరి 'ఇగ'. 'చొయే' అంటే 'అంటే...' అని సాగదీసేది. 'ఫిగూరతి' అంటే 'అయ్యో, దాందేముంది'. 'దాయ్' అంటే 'రా బై, కానీ'. వీధిలో మనుషులు మాట్లాడేది సగం వీటితోనే.

తెర చూసి భాష నేర్చుకున్న ఇటలీ

ఇటాలియన్‌ని తెర మీద చూసి నేర్చుకోవడం మన ఫోన్లతో మొదలవలేదు. ఇటలీ వాళ్ళే అలా నేర్చుకున్నారు. 1861లో దేశం ఒక్కటయ్యేనాటికి ఇప్పుడు మనం ఇటాలియన్ అంటున్న భాష మాట్లాడేవాళ్ళు చాలా కొద్దిమంది. ఒక్కో ప్రాంతానిది ఒక్కో మాండలికం. ఆ తర్వాత వందేళ్ళకి కూడా పల్లెల్లో చదవడం, రాయడం రానివాళ్ళు లక్షల్లో ఉన్నారు.

అప్పుడు ప్రభుత్వ టీవీ రాయ్ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 1960 నుంచి 1968 దాకా నడిచింది. పేరుకి అర్థం 'ఎప్పుడూ మరీ ఆలస్యం కాదు'. టీచర్ పేరు అల్బెర్తొ మాన్‌జి. పెద్ద కాగితం మీద బొగ్గుతో గబగబా బొమ్మ గీసి, దాని పేరు రాసి చూపించేవాడు. చూసేది పెద్దవాళ్ళు, పనికి పోయివచ్చిన రైతులు, కూలీలు. చాలామందికి ఇంట్లో టీవీ లేదు. ఊళ్ళో టీవీ ఉన్న చోట గుంపుగా కూర్చునేవాళ్ళు. నాకు ముఖ్యంగా తోచింది, వాళ్ళు ఊరికే చూడలేదు. ముందు నోట్‌బుక్ పెట్టుకుని రాశారు. తర్వాత ప్రాథమిక పరీక్షకి కూర్చున్నారు. లక్షల మంది పాసయ్యారు.

మాన్‌జి పాఠం అయిపోగానే టీవీలో ఆ పాఠం ఆగిపోయేది, మిగిలింది నోట్‌బుక్‌లో చెయ్యాలి. మన తెర ఆగదు. ఆపాల్సింది మన వేలే.

ఇంకో సంగతి. ఆ మాండలికాలు ఇప్పటికీ ఉన్నాయి. నాపొలీ వాళ్ళ మాట విని, నేను నేర్చుకున్నది ఇది కాదేంటని కంగారు పడకండి. టీవీ తెలుగు ఒకటి, ఇంట్లో 'పైలం బిడ్డా', 'నాకెరుక లేదు' అనే తెలుగు ఇంకొకటి, రెండిటి మధ్య పెరిగినవాళ్ళం. అది మనకి కొత్త కాదు.

ఒక నిమిషం వీడియో, ఇరవై నిమిషాల పని

నేను రోజూ చేసేది చెప్తా. రోజుకి ఒక్క వీడియో, ఒక్క నిమిషం. రెండోది చూడను.

1. మొదటిసారి అక్షరాలు కనపడకుండా స్క్రీన్ కింది భాగం చేత్తో మూసి వింటా. ఏం దొరికితే అది.

2. రెండోసారి ఇటాలియన్ అక్షరాలతో. ఇంగ్లిష్ వరస మూసే ఉంటుంది.

3. మూడు వాక్యాలు ఎంచుకుని, ఆపి ఆపి రాస్తా. ఇటాలియన్‌లో ఒకసారి, తెలుగు లిపిలో ఒకసారి. పక్కన తెలుగు అర్థం.

4. వాళ్ళతో పాటు గట్టిగా చెప్తా, అదే వేగంతో. ఐదుసార్లు. రూమ్మేట్ నవ్వినా సరే.

5. ఆ మూడింట్లో ఒక్క వాక్యాన్ని నా బతుక్కి మారుస్తా. వాళ్ళు 'రోమ్‌లో పుట్టాను' అంటే నేను 'ఖిల్లా ఘణపూర్‌లో పుట్టాను' అంటా. అది ఫోన్‌లో రికార్డ్ చేసి వింటా.

ఐదోది మానేస్తే మిగతా నాలుగూ వినోదమే. వారానికోసారి మనిషితో మాట్లాడటం కలిస్తే ఇంకా మంచిది. ఇటాలియన్ నేర్చుకునే ఇంకో తెలుగు ఫ్రెండ్ అయినా చాలు, ఫోన్‌లో పది నిమిషాలు. వెళ్ళడానికి ఆరు నెలల టైమ్ ఉన్నవాళ్ళు ఎ2 ని గురి పెట్టుకోండి. సియేన యూనివర్సిటీ ఇచ్చే చిల్స్, పెరూజా ఇచ్చే చేలి, దాంతె అలిగియేరి సంస్థ ఇచ్చే ప్లీద లాంటి పరీక్షల పాత పేపర్లు ఒకసారి తిరగేస్తే ఏ మెట్టు మీద ఉన్నారో మీకే తెలుస్తుంది.

మా తొరీనో తమ్ముడి సంగతి? రీల్స్ మానలేదు. కానీ ఒక్కో వాక్యం వాయిస్ మెసేజ్‌గా నాకు పంపడం మొదలుపెట్టాడు. నేను తిరిగి ఒకటి పంపిస్తా. మొన్న సంక్రాంతికి మా చిన్నమ్మ స్పీకర్ ఆన్ చేసి విని, "వీడు మాట్లాడేది తెలుగులెక్కనే ఉన్నది, ఒక్క ముక్క సమజైతలేదు" అంది.

ఈ వారం పని

మీ ఊరి గురించి ఒక్క నిమిషం ఇటాలియన్‌లో చెప్పండి. ఎందుకు ఊరే అంటారా? కొత్త దేశంలో ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఎక్కడి నుంచి వచ్చావనే. పైగా ఇటలీలో ఊరికీ దేశానికీ మాట ఒకటే: పయేజె. మీ పయేజె ఏదని అడిగితే ఇండియా అని ఆపెయ్యకండి, ఊరి దాకా రండి. మా ఊరికి కాకతీయుల కాలంలో ఈ ప్రాంతాన్ని ఏలిన గోన గణపారెడ్డి పేరు మీదే ఆ పేరు వచ్చిందంటారు. పక్కపక్కనే ఉన్న రెండు గుట్టల్ని కలుపుతూ కట్టిన కోట మాది. ఇటలీలోనూ గుట్ట మీద కోట, దాని కింద పాత ఊరు ఉన్న చోట్లు బోలెడు. వాళ్ళకి ఇది చెప్తే ఆసక్తిగా వింటారు, ఇంకో ప్రశ్న అడుగుతారు. అక్కడి నుంచి మాట సాగుతుంది.

మచ్చుకి నాది:

వెంగొ ద ఖిల్లా ఘణపూర్, ఉన్ పయేజె దెల్ తెలంగాణ, నెల్ సుద్ దెల్లిందియ. (తెలంగాణలో, దక్షిణ భారతదేశంలో ఉన్న ఖిల్లా ఘణపూర్ అనే ఊరి నుంచి వచ్చా.)

చె ఉన ఫొర్తేత్స అంతీక త్ర దూయె కొల్లీనె. (రెండు గుట్టల నడుమ పాత కోట ఉంది.)

మియ నొన్న ఆబిత అంకోర లీ. (మా అవ్వ ఇంకా అక్కడే ఉంటుంది.)

మి మాంక ఇల్ చీబొ ది కాస. (ఇంటి తిండి లేక బెంగగా ఉంది.)

నాలుగోది చూశారా, మళ్ళీ 'నాకు' వాక్యమే. మీ ఊరి పేరు పెట్టి, చెరువో, గుడో, జాతరో, మీదేదో అది కలిపి రికార్డ్ చెయ్యండి. గద్వాల వాళ్ళకి చీరలున్నాయి, వనపర్తి వాళ్ళకి రాజమహల్ ఉంది, చెప్పుకోడానికి కొదవ లేదు. రీల్ చేసి పోస్ట్ చేస్తారా, మీ దగ్గరే దాచుకుంటారా మీ ఇష్టం. పోస్ట్ చేస్తే మాత్రం మన తెలుగోళ్ళ కోసం కింద అక్షరాలు తెలుగు లిపిలో పెట్టండి.